ఇరవయ్యో ఫొటో

నా భార్య ఫొటో పోటీకి న్యాయనిర్ణేత. ప్రతి ఫొటో వెనకా పెన్సిల్‌తో సలహా రాసేది. ఆమె పోయిన రోజుకి ముప్ఫైలో పంతొమ్మిది పూర్తయ్యాయి. ఇరవయ్యో ఫొటో తీసిన అమ్మాయి నిన్న అశోక్ నగర్‌లోని మా ఇంటికి వచ్చి, తన ఫొటో తిప్పి చూసింది.

“నా దాని వెనక ఏం లేదేంది సార్? పనికిరాదంటే చెప్పుండ్రి, కెమెరా అన్నకు ఇచ్చేస్త.”

“అలా కాదమ్మా. నీదాకా వచ్చేసరికి ఆవిడ పోయింది.”

“తెల్సు సార్. మరి మీరు రాయండి.”

“బాగుంది.”

“మా ఇంట్ల అందరు గదే అంటరు. గందుకే కదా పోటీకి పంపింది!”

“నేను తెలుగు మాస్టారిని. ఫొటోల సంగతి నాకేం తెలుసు?”

“నారాయణగూడ మార్కెట్ల పూలమ్మే అవ్వ. జర మంచిగ చూడుండ్రి.”

“చాలా దూరం నుంచి తీశావు. అడగడానికి భయపడ్డావా?”

“అడిగితే ఊకె నవ్వుకుంట కూసుంటదని.”

“నవ్వనీ. నువ్వున్న సంగతి ఆవిడ మరిచిపోయేదాకా పక్కనే కూర్చో.”

“మేడం గూడ గిట్లనే చెప్పేటోళ్లా?”

“ముందు తిట్టేది.”

“తిట్టు గూడ రాయండి సార్. పెన్ను వద్దు. నచ్చకపోతే చెరుపుకొమ్మని మేడం పెన్సిల్‌తోనే రాసేటోళ్లు.”

రాసిచ్చాను. మిగిలిన పది ఫొటోల వెనక ఇంకా ఏమీ రాయలేదు.