తోటలో చిన్న రాయి

సందర్శకులు రాకుండా గుమ్మానికి అడ్డంగా తాడు కట్టి, ఆ పాత భవంతి మేడమీద పిల్లల గదిలో ఇద్దరే కూర్చున్నారు: పద్దెనిమిదేళ్ళ వయసులో అదే గదిలో ఆయాగా పనిచేసిన డెబ్బై ఆరేళ్ళ ముసలామె, ఆనాటివాళ్ళ జ్ఞాపకాలు రికార్డు చేసే ఉద్యోగంలో ఉన్న అమ్మాయి.

"మంచం అక్కడ కాదమ్మా ఉండాల్సింది."

"ఏది, ఈ బుల్లి మంచమా?"

"అదే. మీరు గోడవారగా పెట్టారు. అప్పుడు కిటికీకి ఆనించి ఉండేది. చిన్నపాప అద్దానికి అరిచెయ్యి ఆనించుకుని పడుకునేది."

"ఎందుకని?"

"ఎందుకేమిటి, పిల్లలు. ఆ చెక్కగుర్రం మాత్రం అప్పటిదే. తోక పీకింది పెద్దమ్మాయిగారు."

"ఎలకలు కొరికాయనుకున్నాం మేం."

"నా గదిలోకి ఎలకల్ని రానిస్తానా? పదేళ్ళ పిల్ల, కోపమొస్తే ఎవరి జుట్టో ఒకరిది పీకాల్సిందే. గుర్రం అందకపోతే నాది."

"ఆవిడే ఇప్పుడు మా ట్రస్టుకి అధ్యక్షురాలు, తెలుసా?"

"తెలుసు. పేపర్లో ఫోటో చూశాను. తల మొత్తం నెరిసిపోయింది."

"సరే మామ్మగారూ, ఇప్పుడు చిన్నపాప గురించి చెప్పండి. ఇక్కడికొచ్చే వాళ్ళందరూ అడిగేది ఆ పాప గురించే."

"తాగడానికి కాసిన్ని నీళ్ళున్నాయా?"

"ఇవిగో. నెమ్మదిగా తాగండి. ఆ, చిన్నపాప..."

"దుప్పట్లు ఉతకడానికి వేరే మనిషి వచ్చేది. వెనక మెట్లు ఎక్కి..."

"మామ్మగారూ. ఇది రెండోసారి అడగడం. అడిగినప్పుడల్లా మీరు నీళ్ళ దగ్గరికో దుప్పట్ల దగ్గరికో వెళ్ళిపోతున్నారు."

"ఏం చెప్పమంటావు?"

"మీకు గుర్తున్నదే. జ్వరం ఎలా మొదలైంది, చివర్లో మీరు దగ్గరున్నారా..."

"వచ్చేవాళ్ళకి మీరేం చెబుతున్నారు? ముందు అది చెప్పు."

"నాలుగేళ్ళ పాప. విషజ్వరం తగిలి ఒక్క రాత్రిలోనే పోయింది. ఇంకెవరికీ అంటుకోకూడదని వాళ్ళ నాన్నగారు తెల్లవారకముందే తోటలో పూడ్పించి, పైన చిన్న రాయి వేయించారు. జనం ఆ రాయి దగ్గర పూలు పెడతారు. పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళయితే అక్కడే కూలబడి ఏడుస్తారు కూడా. అక్కడున్న బోర్డు నేనే రాశాను."

"బాగా రాశావు. వచ్చేటప్పుడు చదివాను. నిజం తెలిసినదాన్ని, నాకే కళ్ళు తడయ్యాయి."

"నిజం తెలియడమేమిటి?"

"జ్వరం రాలేదమ్మా."

"మరి?"

"ఆ మిషను తిరుగుతోందా?"

"ఆపేయమంటారా?"

"వద్దు, తిరగనీ. ఇంకోసారి చెప్పే ఓపిక నాకుండదు. పాపకి వినబడదు. పుట్టుకతోనే."

"ఎక్కడా లేదే ఆ మాట. ఈ ఇంటివాళ్ళు రాసుకున్న ఒక్క ఉత్తరంలో కూడా..."

"ఎలా ఉంటుంది? మాటలు ఆలస్యం, మాటలు ఆలస్యం అని సరిపెట్టుకున్నారు ఇంటిల్లిపాదీ. ఒకరోజు నా చేతిలోంచి ఇత్తడి పళ్ళెం జారిపడింది. కిందున్న వంటమనిషి కూడా ఉలిక్కిపడింది. పాప మాత్రం బొమ్మకి గౌను తొడుగుతూ కూర్చుంది. నోరూరుకోక వెళ్ళి అమ్మగారితో చెప్పాను."

"చెప్పడం తప్పా?"

"చెప్పకపోతే ఇంకో ఏడాదైనా ఈ గదిలో ఉండేదేమో. అప్పుడే అయ్యగారి చెల్లెలికి సంబంధం కుదురుతోంది. పెద్ద ఇల్లు, పేరున్నవాళ్ళు. ఇంట్లో చెవిటిపిల్ల ఉందంటే, వీళ్ళ రక్తంలోనే ఏదో ఉంది అంటారని భయం."

"అందుకని... పాపని..."

"చంపేశారనుకుంటున్నావా? కాదులే. అయ్యగారు నన్ను తన గదిలోకి పిలిపించారు. అంతకుముందెప్పుడూ ఆ గది గడప తొక్కలేదు నేను. రైల్లో రెండు రోజుల దూరంలో ఇలాంటి పిల్లల్ని పెట్టుకునే చోటుంది, అక్కడ వదిలేసి నువ్వు మీ ఊరు వెళ్ళిపో, మళ్ళీ ఈ ఛాయలకి రాకు అన్నారు. ఆయాకి కూడా జ్వరం అంటుకుంది, పంపించేశాం అని ఇంట్లో వాళ్ళకి చెప్పుకున్నారట."

"అమ్మగారు ఏమీ అనలేదా?"

"గోడవైపు తిరిగి నిలబడ్డారు. బయల్దేరేటప్పుడు పాపకి ఊలు కోటు ఆవిడే తొడిగారు. బొత్తాలన్నీ తప్పు పెట్టారు, ఒకదాని కన్నంలో ఇంకొకటి. రైలెక్కాక నేను విప్పి మళ్ళీ పెట్టాను."

"అయితే ఆ రాయి కింద..."

"మట్టి. తోటమాలి తవ్విన మట్టి."

"పాపని అక్కడ వదిలేశారా?"

"గేటు దాకా వెళ్ళాను. కిటికీలోంచి లోపలికి చూశాను. వరసగా మంచాలు, మంచానికొక పిల్ల. ఒక్కతీ ఆడుకోవడం లేదు. పాప నా చూపుడువేలు పట్టుకుని ఉంది. ఎవరు కావాలమ్మా అన్నాడు గేటు దగ్గర మనిషి. దారి తప్పామయ్యా అన్నాను. అంతే, వెనక్కి తిరిగాను."

"తీసుకెళ్ళిపోయారా? మీతో?"

"మా పిన్ని ఉండే ఊరికి. నా కూతురే, మొగుడు పోయాడు అని చెప్పాను అందరికీ. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు. ఆ తరవాతా కాలేదనుకో."

"మామ్మగారూ, ఒక్క నిమిషం. ఆవిడ... ఇప్పుడు..."

"అరవై రెండేళ్ళు. బట్టలు కుడుతుంది. మా వీధిలో ఏ పెళ్ళికూతురూ దీని చేతి జాకెట్టు లేకుండా గడప దాటదు. ఇద్దరు కొడుకులు. వాళ్ళకి చెవులు బ్రహ్మాండంగా పనిచేస్తాయి, చెప్పిన మాట మాత్రం వినరు."

"ఇదంతా ఆవిడకి తెలుసా?"

"పోయిన నెల చెప్పాను. డాక్టరు నాకు ఎక్కువ రోజుల్లేవన్నాక. మాకు చేతులతోనే కదా మాటలు. అటు తిరిగి కూర చూసుకుంటూ చెప్పేయడానికి లేదు. ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూస్తూ చెప్పాలి. చెప్పాను."

"ఏమన్నారు?"

"ఆరు రోజులు చేతులు శాలువలో దాచేసుకుంది. ఏడోరోజు వచ్చి నా ముందు కూర్చుని, నా రాయి నాకు చూపించు అంది."

"అంటే ఇవాళ..."

"ఆ కిటికీలోంచి చూడు. రాయి దగ్గర, నీలం శాలువ."

"దేవుడా. పొద్దున్న నేనే ఆవిడకి దారి చూపించాను. పూలు పెట్టేచోటు అదేనండీ అని."

"చూపిస్తే మంచిదే అయింది."

"మామ్మగారూ, ఇది విన్నాక నేనేం చెయ్యాలి? రోజూ వందమందికి చెబుతున్నాను ఆ కథ. ఏడుస్తున్నారు జనం."

"రాయి పీకించమని రాలేదు నేను. పోయినవాళ్ళని తిట్టడానికీ రాలేదు. పెద్దమ్మాయిగారితో ఒక్కసారి మాట్లాడాలి."

"ఆవిడతోనా?"

"నా తప్పంతా ఆ పిల్ల దగ్గరే ఉందమ్మా. చెల్లెలంటే ప్రాణం. రాత్రి పక్కలో వేసుకుని పడుకునేది. ఆ రాత్రి దాని పక్కలోంచి పాపని ఎత్తుకుంటుంటే కళ్ళు మూసుకునే ఉంది. పొద్దున్న లేచేసరికి చెల్లెలూ లేదు, నేనూ లేను. ఏటా అదే రోజున వచ్చి రాయి దగ్గర కూర్చుంటారని నువ్వే రాశావుగా బోర్డులో. యాభై ఎనిమిదేళ్ళు. ఉత్తి మట్టి ముందు కూర్చోబెట్టాను దాన్ని. ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే..."

"ఎందుకు రాయలేదు?"

"పాపని లాక్కుంటారేమోనని. అయ్యగారు పోయాక? అప్పుడూ రాయలేదు. అప్పటికది నన్ను అమ్మా అని చేత్తో పిలవడం మొదలెట్టి పాతికేళ్ళయింది. ఎలా రాస్తాను?"

"మేడంగారికి గుండె జబ్బు మామ్మగారూ. ఇలాంటి సంగతి ఫోన్లో..."

"సంగతి చెప్పకు. ఆయా వచ్చింది, ఒకసారి కలుస్తానంటోంది అను. మిగతాది నేను చూసుకుంటాను."

"వాళ్ళ కుటుంబం పరువు ఇది. నా ఉద్యోగం పోవచ్చు."

"పోవచ్చు. నీకు చెయ్యాలని లేకపోతే చెయ్యొద్దు. నేనేమీ అనుకోను. సాయంత్రం బండికి మేం వెళ్ళిపోతాం."

"కూర్చోండి. నంబరు కింద ఆఫీసులో ఉంది."

అమ్మాయి కిందికి వెళ్ళింది. తిరిగి వచ్చి, తాడు అవతలే నిలబడిపోయింది.

"ఏమంది? రానందా?"

"అది కాదు."

"నేను గుర్తులేనా?"

"గుర్తున్నారు."

"మరి ఆ మొహమేమిటి? నోరు జారావా? పాప సంగతి చెప్పేశావా?"

"ఒక్క ముక్క చెప్పలేదు. మీ చిన్నప్పటి ఆయా వచ్చారు, మేడమీద గదిలో ఉన్నారు అన్నాను. అంతే అన్నాను."

"అంటే?"

"ఒక్కటే అడిగారు..."

"ఏమని?"

"'చెల్లిని కూడా తీసుకొచ్చిందా?' అని."