బంగారం ముక్క

1978 మేడారం జాతర ముగిసి పది రోజులైంది. వరంగల్‌లో ఓ దవాఖాన. తలకు కట్టుతో మంచం మీద మొండయ్య, పక్కన అతని భార్య భద్రమ్మ.

"నిజం చెప్పవే భద్రా. నేను తాగిన్నా?"

"మల్ల గదేనా? జర జావ తాగు, సల్లారిపోతాంది."

"జావ తర్వాత. మా గట్టయ్యన్న ఇప్పుడే అచ్చి ఏమని పోయిండు? తాగి బండి మీదికెల్లి పడ్డవ్, అందరిల ఇజ్జత్ తీసినవ్ అనలే?"

"అన్నడు తియ్యి. ఆయనకేం ఎరుక."

"ఏ బండే?"

"మేడారం పోయినం గద, ఎడ్ల బండి మీద. మన మనుమరాలు కమల ఎత్తు బంగారం, గదే బెల్లం, తల్లికి మొక్కితిమి. వారం సంది రోజు చెప్తాన, రోజు మర్శిపోతానవ్."

"మన పెండ్లినాడు మా మేనమామ పప్పుల ఉప్పు లేదని అలిగింది యాదికుంది. మేడారం ఒక్కటి యాదికి లేదు."

"డాక్టరు సారు చెప్పలే? తలకు దెబ్బ తాకితే పాతయి ఉంటయట, కొత్తయి నిలువయట. మెల్లమెల్లగ కొత్తయి గూడ నిలుస్తయట."

"కల్లు ముట్టనని మనుమరాలి నెత్తి మీద చెయ్యివెట్టిన గదనే. ఇగ దానికి మొఖం ఎట్ల జూపియ్యాలె? నేను ఊళ్లెకు రాను."

"ఏడ్వకు. నీకు దండం వెడుత, ఏడ్వకయ్యా."

"మరి తాగిన్నా, లేదా?"

"తాగలే."

"నీకెట్ల ఎరుక?"

"నేనే... నేనే పడగొట్టిన."

"ఏందీ?"

"అటు మల్లి పండు. నా మొఖం జూడకు. పొద్దుగాలకు ఎట్లనన్న మర్శిపోతవ్ గని... రెండ్రోజులు ఒక్కపొద్దు ఉన్ననా, తొవ్వల కండ్లు తిరిగినయ్. సమ్మక్క తల్లి బెల్లం ఇరగ్గొట్టి నోట్లె ఏసుకున్న."

"బంగారమా! తల్లికి ఎక్కియ్యకముందే?"

"గప్పుడే నువ్వు మూట సదురుదామని చక్రం మీద కాలువెట్టి ఎక్కవడితివి. జూస్తవని భయమైంది. ఎడ్లను పొడిసిన. అవి ఎగిరినయ్, నువ్వు ఎల్లెల్కల రాయి మీద పడ్డవ్. మన బండి ఎనుకవడ్డది, ఎవలు జూడలే. తాగిండన్నరు. నేను నోరు మూసుకున్న."

"మా అన్నకు చెప్పినవా?"

"సిగ్గు గాదయ్యా? తల్లి బంగారం తిన్న దొంగ అనరా? ఎవలకు చెప్పలే. రోజు నీకే చెప్తాన."

"ఎంత తిన్నవే?"

"ఎంతనా... గింత ముక్క. ఒక్కటే."

"నిన్న రెండంటివి గదనే?"