గాడిద తన్నిన చేతులు

ఏంటీ? మళ్లీ చెప్పు తల్లీ, ఈ ఫ్యాను రొదలో సగం మాటలు గాల్లోనే పోతున్నాయి. పేల్చినవాడి చెయ్యే విరగ్గొట్టే తుపాకీనా? ఉన్నాయి, ఎందుకుండవు. మీ రైఫిల్ క్లబ్బులో పిల్లలకిచ్చేవి కాదులే, అవి పేలితే చేతిలో పిల్లి తుమ్మినట్టుంటుంది, అంతే. నేను చెప్పేది పెద్ద రివాల్వర్ల సంగతి. చేత్తో పట్టుకునే వస్తువే, కానీ అందులో తూటా అడవిదున్నని పడగొట్టేది. అది అటు ఎంత జోరుగా పోతుందో, ఇది ఇటు అంత జోరుగా తంతుంది. ఎక్కడ తంతుందంటావా, ఇదిగో, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఈ మెత్తటి చోట. అక్కణ్ణుంచి మణికట్టు, మణికట్టు నుంచి మోచెయ్యి. మర్నాడు చొక్కా గుండీ పెట్టుకోవాలంటే ఏడుపొస్తుంది. ముందా మంచినీళ్లు ఇటు పొయ్యి, చెప్తాను. అరె, చూసి పొయ్యవే, బల్లంతా చేశావ్. ఎడం చేత్తో పోస్తే ఒలకదా మరి. ఈ ఉక్కపోతలో ఆ పొడుగు చేతుల చొక్కా ఏంటో, మీ ఫ్యాషన్లు మీకే తెలియాలి.

మేం పనిచేసిన కొట్టు నువ్వు చూళ్లేదుగా. మీ ముత్తాతది, అంటే మీ అమ్మమ్మ వాళ్ల నాన్నది. అప్పటికింకా నాకు మావగారు కాలేదులే, యజమానే. రోడ్డు మీదకి అద్దాల గది, అందులో అమ్మకం. దాని వెనక మేం కూర్చునే మరమ్మతు గది, ఎప్పుడూ ఆకురాళ్ల మోతా నూనె వాసనా. ఇంకా వెనక సొరంగంలా పొడుగాటి గది, చివర ఇసుక బస్తాలు. బాగుచేసిన ప్రతి తుపాకీనీ అక్కడ పేల్చి చూడాల్సిందే, అదీ బాగుచేసినవాడే పేల్చాలి. మీ ముత్తాత పెట్టిన రూలది. నీ పని మీద నీకే నమ్మకం లేకపోతే కొన్నవాడికి ఎందుకుంటుందయ్యా అనేవాడు. ముక్కుతో మాట్లాడేవాడులే, "ఎందుకుంటుందయ్యాఁ" అని సాగదీసి. నాది పిడుల పని. చెక్క చెక్కి, కొన్నవాడి చేతిలో కుదిరేలా కూర్చడం. మీ అమ్మమ్మది ఇనుముకి నలుపు పట్టించే పని. మోచేతుల దాకా తొడుగులేసుకుని, మరుగుతున్న తొట్లో గొట్టాలు ముంచి తీసేది. మేమంతా బాగుందన్న గొట్టాన్ని వెలుగులో ఇలా ఓసారి తిప్పి, ఇక్కడ పట్టలేదు అనేది. మాకేం కనిపించేది కాదు. కొన్నాళ్లకి సరిగ్గా అక్కడే తుప్పు లేచేది. అవీ ఆ కళ్లు. ఇప్పుడంటే కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుందిగానీ, అప్పటి మాట చెప్తున్నా.

ఆఁ, గాడిద. ఆ రివాల్వర్‌కి మేం పెట్టుకున్న పేరది. చూడ్డానికి ఎంత అందంగా ఉండేదో, అద్దాల బీరువాలో దాన్ని చూసిన ప్రతి మగాడూ ఆగిపోయేవాడు. కొనుక్కుని ఛాతీ విరుచుకుని వెళ్లేవాడు. ఒక్కసారి పేల్చేవాడు. ఇంకేముంది, వారం తిరక్కుండా అది పుట్టింటికి వచ్చేసేది. ఒకాయన పళ్ల డాక్టరు, భారీ మనిషి. ఆయన దాన్ని పేల్చిన తర్వాత కొన్నాళ్లు ఎవరి పన్నూ పీకలేకపోయాడట. తిరిగిచ్చేటప్పుడు మాత్రం, తుపాకీ బ్రహ్మాండం అండీ, మా ఆవిడకే భయం అన్నాడు. ఎవరింట్లో చూసినా భయం ఆవిడకే. వచ్చినప్పుడల్లా దాని మరలు వదులైపోయి ఉండేవి, అది తన్నే తన్నుకి ఇనుమే తట్టుకోలేకపోయేది, ఇంక మనుషులెంత.

ఓసారి దాన్ని బిగించే పని నాకు పడింది. రూలు ఉంది కదా, పేల్చాలి. నన్నప్పుడు అందరూ బండా అని పిలిచేవారు. నవ్వకు, ఈ చేతులిప్పుడిలా ఎండిపోయాయిగానీ అప్పుడు రోకళ్లలా ఉండేవి. ఆ పేరు నిలబెట్టుకోవాలని, చేతులు కట్టెల్లా బిగించి, పళ్లు బిగించి పేల్చాను. తర్వాత నాకు గుర్తున్నది నేల మీద నా చెప్పు. గాడిద లేచొచ్చి నా నుదురు మీద కొట్టింది. ఇదిగో ఈ గీత దానిదే, చిన్నప్పుడు నువ్వడిగితే పులి గీరిందని చెప్పేవాణ్ణి చూడు, అదే. చప్పుడుకి అందరూ పరిగెత్తుకొచ్చారు. దూది పెట్టింది మీ ముత్తాత. మీ అమ్మమ్మేం చేసిందో తెలుసా, కింద పడ్డ గాడిదని తీసి, వెలుగులో తిప్పి, నలుపు చెదిరిందేమోనని చూసింది. అలాంటిది మీ అమ్మమ్మ.

ఆ తర్వాతే ఆయన మా కొట్లో పనికొచ్చాడు. పుల్లాయన. పేరు మేం పెట్టిందేలే, మనిషి అలా ఉండేవాడు, గట్టిగా గాలొస్తే తలుపు పట్టుకుంటాడేమో అనిపించేలా. వచ్చిన కొత్తలోనే గాడిద మళ్లీ పుట్టింటికొచ్చింది, ఈసారి బిగించే పని ఆయనకి పడింది. నేను ముందే సరదా పడ్డాను, ఈయన గాల్లో ఎంత దూరం పోతాడో చూద్దామని. పుల్లాయన నింపాదిగా నిలబడ్డాడు. మోచేతులు కొంచెం వదులుగా, ఇలా. పేల్చాడు. గాడిద పైకి లేచింది, ఆయన చేతులూ దాంతోపాటే నెత్తి దాకా లేచాయి, మళ్లీ నెమ్మదిగా కిందికి దిగాయి. మొహం మీద చిరునవ్వు అలానే ఉంది. మళ్లీ పేల్చాడు. మళ్లీ. తూటాల చక్రం ఖాళీ అయ్యేదాకా. మీ ముత్తాత నా వైపు తిరిగి, "చూశావటయ్యా బండా, దాంతో కుస్తీ పట్టకూడదు, దాన్ని పోనివ్వాలి" అన్నాడు. నన్నడిగితే ఆ మాట ఆయన పుల్లాయనతోనే అనొచ్చుగా, నాతో ఎందుకనాలి. నా వెనకాల మీ అమ్మమ్మ నిలబడి ఉంది. ఆవిడ పుల్లాయన మొహం చూట్టంలేదు, చేతుల వైపే చూస్తోంది. కన్నార్పట్లేదు. ఒళ్లు మండిపోయింది నాకు.

కుళ్లా అంటావేంటి, కుళ్లే. దాచుకోవడానికేముంది, ఇప్పుడు నాకు ఏ సంబంధాలు చూడాలని. ఆ రోజు మొదలు పెద్ద తుపాకులన్నీ ఆయనకే. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చేవారు, పుల్లాయన గాడిదని పేలిస్తే చూట్టానికి. టీ ముందు ఆయనకే. కుర్చీ ఆయనకే. కొట్టు పిల్లి కూడా, నేను చేప ముక్కలు పెట్టి పెంచిన పిల్లి, పోయిపోయి ఆయన బల్ల కిందే పడుకునేది. నేను మాత్రం తలుపేసి ఉన్నప్పుడు ఖాళీ గాడిదని పట్టుకుని, చేతులు నెత్తి దాకా లేపడం అభ్యాసం చేసేవాణ్ణి. ఖాళీదైతే భలేగా వచ్చేది నాకు.

అక్కడితో అయిందా. ఓ రోజు మీ ముత్తాత పిలిచి, గాడిదని ఇంక అమ్మను, మన కొట్టుకే ఉంచేస్తా, పుల్లాయన చేతికి సరిపోయేలా దానికి పిడి చెయ్యి అన్నాడు. నేను, ఆయనకి. ఏం చేస్తాం, యజమాని మాట. కాయితం పరిచి, పుల్లాయన చెయ్యి దాని మీద పెట్టి, పెన్సిలుతో చుట్టూ గీశాను. తర్వాత అరచెయ్యి పట్టుకుని ఎక్కడ కండ ఉందో ఎక్కడ ఎముక ఉందో నొక్కి చూడాలి, అది మా పద్ధతి. బొటనవేలి మొదట్లో నొక్కానో లేదో, చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "అక్కడ చాల్లేవయ్యా, కంటితో చూసి చేసెయ్" అన్నాడు, అదే నవ్వుతో. అబ్బో, మహారాజు గారి చెయ్యి ముట్టుకోకూడదు కాబోలు అనుకున్నాను. అయినా పిడి మాత్రం బాగా చేశాను తల్లీ. పని పనే. బొటనవేలి మొదట్లో తగలకుండా కొంచెం గుంట తీసి, అంచులన్నీ గుండ్రం చేసి, వెన్నలా చేశాను. కోపంలో చేసిందే, కానీ నా జన్మలో అంతకన్నా మంచి పిడి ఇంకోటి చెయ్యలేదు. ఆయన పట్టుకుని చూసి ఏమీ అనలేదు. బాగుందని ఒక్క ముక్క అంటే ఆయన సొమ్మేం పోయింది.

తర్వాతా? తర్వాత మీ అమ్మమ్మని నాకిచ్చి చేశారు. ఆశ్చర్యపోయావా, నేనూ అంతే. అందరూ ఆవిడ పుల్లాయననే చేసుకుంటుందనుకున్నారు, నేనైతే ఒట్టేసి చెప్పేవాణ్ణి. మీ ముత్తాత వచ్చి, అమ్మాయి నిన్ను చేసుకుంటానంటోంది, నీకిష్టమేనా అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరితోనో అంటున్నాడేమోనని. పెళ్లయిన కొద్ది రోజులకే పుల్లాయన పని మానేసి, వేరే ఊళ్లో గడియారాల కొట్టు పెట్టుకున్నాడు. ఇదిగో చూడు, జీవితంలో ఆయన మీద నేను గెలిచింది ఆ ఒక్కటే. నన్ను చూసి ఓర్వలేక పోయాడు అనుకున్నాను. నేను కుళ్లినట్టే ఆయనా కుళ్లుంటాడు, గాడిదని వదిలేసి గడియారాల మధ్య కూర్చుని మా ఇద్దర్నీ తలుచుకుంటుంటాడు అనుకున్నాను. మీ అమ్మ పుట్టింది, పెరిగింది, పెళ్లయింది, ఆ ముచ్చట అలానే నా జేబులో ఉంది. ఎప్పుడు మనసు బాగోకపోయినా తీసి చూసుకునేవాణ్ణి.

పుల్లాయన పోయాడని కబురొస్తే ఇద్దరం వెళ్లాం. నువ్వప్పుడు పాకుతున్నావు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన మీ అమ్మమ్మ, ఇటు నేను. బస్సు ఊరు దాటింది. తర్వాత బయటికి చూస్తూనే, "ఇప్పటికైనా ఆ చేతికి నొప్పి తప్పింది" అంది. ఏ చేతికి అన్నాను. నాకేదో తెలిసే ఉంటుందన్నట్టు చూసింది. గాడిదని పేల్చిన ప్రతిసారీ పుల్లాయన వెనకున్న కుళాయి కింద చెయ్యి పెట్టుకుని నిలబడేవాడట. కళ్లలోంచి నీళ్లు కారేవట. ఈవిడ తుపాకులు తుడిచే కొత్త గుడ్డలోంచి పేలిక చింపి కట్టు కట్టేదట. కాసేపటికి విప్పేసి, మా మధ్యకొచ్చి నవ్వుతూ కూర్చునేవాడన్నమాట. చివరికి ఆకురాయి కూడా పట్టుకోలేక పని మానేశాడట. చూశావా, నాకోసం కాదు, మా పెళ్లి చూసి కాదు. చెయ్యి పోయి వెళ్లిపోయాడు. నా జేబులో ఉన్న ఆ ఒక్కటీ ఆయన చచ్చిపోయాక కూడా లాక్కున్నాడు. కట్టు ఎలా కట్టేదో కూడా చూపించింది, జేబురుమాలు తీసి నా చేతికే. బొటనవేలి చుట్టూ రెండు చుట్లు, అరచేతి మీదుగా అడ్డంగా, వెనకపక్క ముడి. ఆవిడ వేళ్లు ఎక్కడా తడుముకోలేదు.

మనిషి ఇంత బాధ పడ్డాడని తెలిస్తే ఎవరికైనా కుళ్లు తగ్గాలి కదా. నాకు పెరిగింది. ఆ మాట నీకెందుకు చెప్పాడు, పక్క బల్ల మీద కూర్చునే నాకెందుకు చెప్పలేదు అన్నాను. "ఆయనేం చెప్పలేదండీ, నేనే చూశాను" అంది. అంతే. మీరు చేసిన పిడి వచ్చాక కొంచెం తేలికైందన్నాడు, అది లేకపోతే ముందే మానేసేవాడు అని కూడా అంది. ఆ ముక్క అప్పుడు చెప్పి ఉంటే నేనెంత ఎగిరేవాణ్ణి. ఆ చెయ్యి నా రెండు చేతుల్లో పట్టుకున్నానే, చుట్టూ గీత గీశానే, నొక్కానే, నాకేం కనిపించలేదు. ఆవిడకి అంత దూరం నుంచి కనిపించింది. మరి ఆయనంటే నీకు ఇష్టముండేదా అని అడుగుదామని నోటి దాకా వచ్చింది. బస్సు కుదుపులో మింగేశాను. ఆ తర్వాత ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో, ఆవిడ ఎదురుగా కూర్చుని ఊలు అల్లుతుంటే, నిద్రపోతుంటే. అడగలేదు. ఉండేదంటే ఏం చెయ్యను. లేదంటే నమ్ముతానా.

ఇంకోటి చెప్పడం మర్చిపోయా. ఆ గడియారాల కొట్లో, చేతి గడియారానికి కీ ఇవ్వాలన్నా ఎడం చెయ్యే వాడేవాడట, కుడి చెయ్యి ఎప్పుడూ బల్ల కిందే ఉంచుకుని. కొనేవాళ్లు ఆయన్ని ఎడంచేతి వాటం మనిషే అనుకునేవారట. ఎడం చేత్తో...

ఆగు. నువ్వు ఇందాక నీళ్లు ఎడం చేత్తోనే పోశావు కదూ. ఏదీ, ఆ చొక్కా చెయ్యి పైకి లాగు. లాగమన్నానా. అయ్యో, వేళ్లన్నీ ఇలా వాచిపోయాయేంటే. ఎవరిదో పెద్దది అడిగి పేల్చావన్నమాట. చేతులు బిగించే ఉంటావు, నా మనవరాలివేగా. అందుకా ఈ సంగతులన్నీ అడుగుతున్నావు. ఈ కట్టెవరు... బొటనవేలి చుట్టూ రెండు చుట్లు. వెనక ముడి. అమ్మమ్మా? ముందు అమ్మమ్మకి చెప్పావన్నమాట. చెప్పలేదూ? మరి ఆవిడకెలా... ఊఁ.

ఆవిడే చూసిందా.

పొద్దున్నుంచి నా ఎదురుగానే కూర్చున్నావు కదే నువ్వు. అంటే, ఎవరు దాచుకున్నా చూసేస్తుందన్నమాట. చూసి ఊరుకుంటుంది. అడిగితే తప్ప అనదు. మరి ఇన్నేళ్లూ నేను... నేను మింగేసింది కూడా చూసే ఉంటుందంటావా?

ఆ చెంబిటియ్యి. వద్దులే, నువ్వు పొయ్యకు. నేనే పోసుకుంటా.