జెండా బొక్కలు

ఆలూరు బస్టాండు వెనక ప్రకాశం షెడ్డు. రాత్రి పడ్డ వానకు మండలమంతా సంబరపడింది, ఒక్క నాయకుడు భూపేష్ గారు తప్ప. ఆయన జీపు కారింది. ఇప్పుడు ఆ జీపులో తలుపులూ అద్దాలూ బిగించుకుని, చేతిలో టార్చితో కూర్చున్నవాడు డ్రైవరు తిమ్మన్న. బయట చెంబుతో నీళ్లు పోస్తున్నవాడు మెకానిక్ ప్రకాశం. అరిస్తే గానీ ఒకరి మాట ఒకరికి వినపడదు.

"వచ్చెనా?"

"రాలేదు."

"ఇప్పుడు?"

"రాలేదప్పా ప్రకాశం. చెమట మాత్రం వస్తాండాది. అద్దం దించేదా?"

"దించొద్దు. కిందనుంచి పైకి పోసుకుంటా వస్తాండా. తలుపుల రబ్బర్లు అయిపాయ. ముందర అద్దం రబ్బరూ అయిపాయ. యాడా కారలేదు. ఇంగ మిగిలింది పైకప్పే."

"పైకప్పు బాగుండాది. దాని జోలికి పోవద్దు."

"ఏంటికి?"

"బాగుండాది గాబట్టి."

"బాగుంటే నీళ్లు పోస్తే ఏమైతాది?"

"ట్యాంకరు నీళ్లు గదప్పా. ఊరికె పారబోస్తే పాపం."

"నా ట్యాంకరు, నా పాపం. తిమ్మన్నా, రాత్రి సారు యాడ కూర్చోనుండె?"

"ముందర సీట్లో. నా పక్కనే."

"నీళ్లు యాడ పడె?"

"సారు మింద."

"సారు మింద అంటే? కాళ్ల మిందనా, ఒళ్లోనా?"

"నడినెత్తిన."

"నడినెత్తిన పడితే పైకప్పు గాక, నేల నుంచి ఎగిరినాయా?"

"నీళ్లు యాడో దూరి యాడో కారతాయని పొద్దున నువ్వే చెప్తివి."

"చెప్పినా. అందుకే గదా పౌడరు డబ్బా ఇచ్చింది. లోపల కప్పుకంతా పూసినావా?"

"పూసినా. పెండ్లికొడుకు మొగం మాదిరి ఉండాది."

"నీళ్లు యాడ దూరితే ఆడినుంచి పౌడరు మింద గీత పడతాది. కండ్లు మూయకుండా చూడు. పోస్తాండా."

"నిదానంగా... ఆ... ఆగు. ఆగప్పా!"

"వచ్చెనా?"

"వచ్చె."

"గీత యాడినుంచి పడె?"

"గీత పడలేదు."

"మరి?"

"తెల్లగా ఉబ్బుతాండాది."

"ఏంది ఉబ్బేది?"

"నురుగు."

"నురుగా? తలుపు తీ. తీయప్పా, చూడనీ. ఇదేంది తిమ్మన్నా, గంధం వాసన వస్తాండాది?"

"కొత్త వానకు మట్టి వాసన రాదా?"

"మట్టి గంధం సబ్బు వాసన వస్తాదా? ఏం పెట్టినావు?"

"సబ్బు."

"యాడ?"

"బొక్కల్లో."

"కప్పుకు బొక్కలుండాయా?"

"అట్ల చూడొద్దప్పా. డీజిలు ట్యాంకుకు తూటు పడితే సబ్బు రుద్దమా? ఆడ నిలిచేది ఈడ ఏంటికి నిలవదనుకుంటి. నిలిచింది గూడా. ఇన్నేండ్లూ నిలిచింది."

"వాన లేక నిలిచింది. డీజిలుకు సబ్బు కరగదు, నీళ్లకు కరగతాది. సబ్బు ఉండేదే దానికి."

"ఆలూర్లో ఇంత వాన పడతాదని ఎవురు కలగన్న్యారు?"

"సారు ఏమనె?"

"ఏమంటాడు? నురుగు కండ్లల్లో పడె. కండ్లు మూసుకునే తిట్టినాడు. ఎవురు యాడుండారో కనపడక, వెనక కూర్చున్న సర్పంచిని తిట్టినాడు."

"నువ్వు చెప్పలేదా?"

"తిట్లు సర్పంచికి పోతాండాయి గదా, మధ్యలో నేనేంటికి అడ్డం పోయేది?"

ప్రకాశం నిచ్చెన వేసుకుని జీపు పైకెక్కాడు. తిమ్మన్న కింద నిలబడి, ఆకాశం వైపు చూస్తున్నట్టు నటించాడు.

"ఎడమ పక్క ఒకటి. కుడి పక్క ఒకటి. వెనక ఒకటి. నడిమధ్య జెండా కర్ర బిగిచ్చింది ఒకటి. ఇది జీపా, జల్లెడా తిమ్మన్నా?"

"ఎడమది సారు మొదటి పార్టీ జెండాది. కుడిది తర్వాత పార్టీది."

"వెనకది?"

"మళ్ల మొదటి పార్టీకే పోయె గదా. అప్పటిది."

"అదే పార్టీ అయినప్పుడు, ఎడమ పక్క పాత బొక్క ఉండనే ఉండె."

"ఓడిపోయిన బొక్కలో మళ్ల జెండా కట్టకూడదంట. సిద్ధాంతి చెప్పినాడు. పార్టీ పాతదైనా బొక్క కొత్తది ఉండల్ల."

"ఈ నడిమధ్యది?"

"ఇప్పటి పార్టీది. గెలిచిన బొక్క. దాని మింద చెయ్యెయ్యొద్దు."

"ఈ మొదటి రెండు బొక్కలూ నున్నగా వేసినారు. తర్వాతివి ఏంది, ఎలుక కొరికినట్ల?"

"మొదటివి మా బావ వేసినాడు. మిషను ఆయప్పదే, చెయ్యీ ఆయప్పదే. నేను కింద కూర్చొని రాలే రేకు రజను పట్టుకునేవాణ్ని."

"తర్వాత?"

"వెనకది గొణుక్కుంటానే వేసినాడు. నడిమిది నేనే వేసుకుంటి, అప్పటికి 'బామ్మర్దీ, బొక్కలు వేసి వేసి అలిసినా, ఇంగ నేను మారను' అని మొదటి పార్టీలోనే నిలిచిపోయినాడు. అవతలి సారు జీపుకు డ్రైవరుగా చేరినాడు."

"అందుకా మాటల్లేవు మీకు?"

"అందుకు కాదు. ఎలచ్చన్ల రోజు బూతు కాడ నేను బావ చొక్కా పట్టుకుంటి. బావ నా చొక్కా పట్టుకునె. రెండూ చినిగిపాయ. మా అక్క కొనిచ్చిన చొక్కా."

"ఎవురిది?"

"రెండూ."

"ఊఁ."

"అక్క వచ్చి ఇద్దర్నీ చూసింది. కింద పడిన గుండీలు ఏరుకోని పోయింది. తిట్టింటే బాగుండు."

"గురువారం మీ అక్క కూతురు శివజ్యోతి పెండ్లి గదా తిమ్మన్నా. పత్రిక నాకు గూడా వచ్చింది."

"నాకూ వచ్చింది. తలుపు సందులో పెట్టి పోయినారు ఎవురో."

"పోతావా?"

"ఆ గడప తొక్కితే జీపు తాళాలు బల్ల మింద పెట్టి పొమ్మన్న్యాడు సారు."

"మరి గంప ఎవురు ఎత్తేది? పెండ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ గదా. వరమ్మకు తమ్ముడివి నువ్వొక్కడివే."

"ఎవురో ఒకరు ఎత్తుతారు."

"ఎవురో ఎత్తేదానికి అది వడ్ల గంపా?"

"గుచ్చొద్దప్పా ప్రకాశం. ఆ పిల్ల నా బుజం మింద పెరిగింది. చిన్నప్పుడు మా ఇంటి చాట్లో కూర్చొని, 'మామా, ఎత్తు చూద్దాం' అనేది. పత్రిక చూసినప్పట్నుంచి బువ్వ దిగడం లేదు నాకు. చాలునా?"

"చాలు. ఈ మూడు బొక్కలకూ రబ్బరు వాషర్లు పెట్టి, పైన సీలు పూసి మూసేస్తా. నడిమిది వదిలేస్తా. అదో, నీ ఫోను. సారేమో."

"సారే. ఆ సార్... షెడ్లోనే సార్... దొరికింది సార్, పైకప్పే... నురుగా? అది మబ్బుల్లోనే ఉండిందేమో సార్... మూడూ మూసేస్తాండాం... ఆఁ? నడిమిది గూడానా? జెండా ఉండాది గదా సార్... పీకేదా?... ఇప్పుడేనా?... అది గెలిచిన బొక్క గదా... సరే సార్... కొత్తదా? యాడ సార్?... నా నెత్తికి నేరుగానా... సిద్ధాంతి చెప్పినాడా... ఇంతకీ యా జెండాకు సార్?"

"ఏమంటాడు?"

"ఉష్... ఆ... ఆ సార్... వింటాండా సార్... సరే సార్. ఎవురికీ చెప్పను. శుక్రవారం కడదాం సార్. అంతవరకు ఏమీ వద్దు. బోడిగానే ఉంచుతా సార్."

"యా జెండా అంట?"

"చెప్పొద్దన్న్యాడు."

"చెప్పొద్దులే. కర్ర లావెంతో చెప్పు. బొక్క వేయల్ల గదా నేను."

"మా బావోళ్ల సారు జీపు మింద ఉండే కర్ర ఎంత లావో, అంత."

"అంటే మీ సారు మళ్ల ఆ పార్టీలోకి—"

"పార్టీ నేను చెప్పలేదు. లావు చెప్పినా."

"మరింగేమప్పా! నువ్వూ మీ బావా ఒకటే పార్టీ. గడప తొక్కొచ్చు, గంప ఎత్తొచ్చు. నవ్వవేంది?"

"దేనికి నవ్వేది? అక్క చేతి బువ్వ తిని ఎన్నాళ్లాయె. ఎదురుపడితే మొగం తిప్పుకొని పోతి. అంతా ఈ రేకు మింద ఉండే బొక్క కోసం. ఇప్పుడు ఆ బొక్క మూసెయ్యమంటాడు."

"ఏడిస్తే తర్వాత ఏడువు. ముందు అక్కకు ఫోను చెయ్."

"నెంబరు లేదు. తీసేసింటి."

"పత్రిక మింద ఉండాది. నేనే కలుపుతా. అదో, మోగుతాండాది. గట్టిగా వినపడేట్ల పెట్టినా. మాట్లాడు."

"ఎవురు?"

"వరమ్మక్కా, నేను షెడ్డు ప్రకాశాన్ని. ఈడొక మనిషి నీతో మాట్లాడల్లంట."

"ఎవురప్పా?... ఎవురు?... మాట్లాడప్పా, పెండ్లి పనులుండాయి నాకు."

"అక్కా... ఖళ్ ఖళ్... నేను."

"తెలుసు. దగ్గితివి గదా. బీడీలు మానలేదా ఇంకా?"

"మానినా."

"అబద్ధం."

"అక్కా, బావ ఉండాడా?"

"ఏంటికి? చొక్కా పట్టుకోనా?"

"కాదక్కా. పెండ్లికి వస్తానని చెప్పల్ల. ఇంగ ఏమీ అడ్డం లేదు. నేనూ బావా..."

"బావ ఇంట్లో లేడు. జీపు తీసుకొని ఆదోనికి పోయినాడు, షెడ్డుకు."

"మీది గూడా కారిందా రాత్రి?"

"మాది ఏంటికి కారతాది? మీ బావ బొక్కలకు రబ్బరు పెడతాడు, నీ మాదిరి సబ్బు పెట్టడు."

"సబ్బు సంగతి నీకెట్ల తెలుసు?"

"మండలమంతా తెలుసు. పాపం, సర్పంచి అందరికీ చెప్పుకుంటాండాడు."

"మరి కారకుంటే షెడ్డుకు ఏంటికి పోయె?"

"చెప్పొద్దన్న్యాడు."

"నాకు గూడానా?"

"నీకే చెప్పొద్దన్న్యాడు... కొత్త బొక్క వేయిచ్చుకొని వచ్చేదానికి పోయినాడు."

"యా జెండాకు?"

"చెప్పొద్దన్న్యాడు అంటాంటే."

"కర్ర లావు చెప్పక్కా."

"మీ సారు జీపు మింద ఇప్పుడుండేది ఎంత లావో, అంత."

"ప్రకాశం, వింటివా?"

"విన్న్యా. మీరు ఆడికి పోతాంటే వాళ్లు ఈడికి వస్తాండారు."

"అక్కా. మా సారు మీ పార్టీలోకి పోతాండాడు."

"అట్లనా."

"అంటే మళ్ల ఎదురెదురే మనం. నేను అవతల, బావ ఇవతల. మళ్ల గడప తొక్కొద్దంటారు. మళ్ల చొక్కాలు. అయిపాయ. గంప లేదు, ఏం లేదు. ఫోను పెట్టేస్తా అక్కా."

"పెట్టొద్దు. మీవాళ్లు జెండా ఎప్పుడు కడతారు?"

"శుక్రవారం. మీరు?"

"శుక్రవారమే. ఇద్దరికీ సిద్ధాంతి ఒకడేమో. పాత జెండా పీకేసినారా?"

"ప్రకాశం ఇప్పుడు పీకుతాండాడు."

"మీ బావ పొద్దున్నే పీకేసినాడు. తిమ్మా, పెండ్లి గురువారం గదరా. ఆ రోజు రెండు జీపులకూ జెండా ఉండదు. వచ్చి గంప ఎత్తుపో."