దుబ్బయ్య మామ మద్రాసు చదువు

దేవరాజుకు బీఏ ఒడిసింది. పెద్ద చదువుకు రెండు జాగలల్ల సీటొచ్చింది, రెండిట్లనూ రాజ్యపాలన చదువే. ఒకటి పట్నంల, ఒకటి మద్రాసుల. పిలగాని పానమంత పట్నం మీదనే ఉంది. అవ్వ అంజవ్వకు దమ్ము లేసి ఊపిరాడకుంటే పట్నం నుంచైతే పొద్దుగూకేసరికి ఇల్లు చేరొచ్చు. కని బాపు నాగయ్య, "మీ దుబ్బయ్య మామ రెండు చోట్ల సదివిన మనిషి, ఆయన ఏదంటే అదే" అని సిద్దిపేటల షబ్బీర్ హోటల్‌కు తోలుకొచ్చిండు. దుబ్బయ్య పెండ్లికి ముందు ఎటెటో తిరిగొచ్చినోడాయె, అబద్ధమనేటోడు లేడు. ఏ సీటు కావాల్నో ఇయ్యాల టపాలకే కాలేజీకి ఖబురు పోవాలె.

దుబ్బయ్య సాసర్ల చాయ్ ఊదుకుంట షురూ చేసిండు.

"మద్రాసే బావా. పట్నంల సదివిందంత నేను మద్రాసుల పొద్దటి చాయ్‌కు ముందే ఒడగొట్టిన. ఆడ పెద్ద పంతులు, కరువొస్తే సర్కారు ఏం జెయ్యాలె అని అడిగిండు, నేను లేచి చెప్పుడు మొదలువెట్టిన, ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైంది?" అన్నడు నాగయ్య.

"పంతులు కుర్సీ దిగి నన్ను కూసోబెట్టిండు. నేను చెప్తాంటే బజార్ల బియ్యం ధర దిగుడు షురువైంది. రాజ్యమేలే లాట్‌సాబే ఉరికొచ్చిండు, దుబ్బయ్యా జర ఆపు, ఇంక చెప్తే బియ్యం ఊరికెనే పంచాలె అని. నేనాగుతనా? సముద్రం గూడ ఇననీకె కాలేజీ మెట్లదాక వచ్చె. నేనే కసిరి ఎనుకకు తోలిన, బర్రెను తోలినట్టు."

బాపు తలకాయ ఊపుడు చూసి దేవరాజు గుండెల రాయి పడ్డది. "బాపూ, అవ్వకు..." అనబోయిండు.

"నువ్వూకో" అన్నడు నాగయ్య.

పొయ్యి కాడికెల్లి షబ్బీర్ అన్నడు: "దుబ్బన్నా, పిలగాని బతుకు ముచ్చట ఇది. ఎదురుంగనే పీర్ల కొట్టముంది. గడప మీద చెయ్యివెట్టి, మద్రాసుల సదివిన అను. చాలు."

ఏటేట పీర్ల పండుగకు పీరీ ఎత్తుకునే మనిషి దుబ్బయ్య. ఎన్ని కోతలన్న కోస్తడు గని పీరీలతోని పరాష్కమాడడు. చెప్పులల్ల కాలువెట్టిండు, తీసిండు.

"ఎండ మస్తుంది, కాళ్లు కాలుతయి."

"మబ్బు పట్టింది గద మామా" అన్నడు దేవరాజు.

"అయితే తడుస్త."

నాగయ్య బామ్మర్ది మొఖం చూసుకుంట చూసుకుంట పగలవడి నవ్విండు. "పట్నమే పో బిడ్డా. మీ మామ మద్రాసు గీ బాట దాటి గా గడపకు రాలేకపాయె."

దేవరాజుకు పోయిన పానం మర్లొచ్చింది. అవ్వకు చెప్దామని చాయ్ తాగకుండనే ఉరికిండు.