పులుసులో బెల్లం వేసిన ఆమె

సకల జనుల సమ్మెతో బడులు మూతపడ్డ రోజుల్లో, ఆ పిల్ల తను రాసిన కథ పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లోని టీచరమ్మ ఇంటికి వచ్చింది. తణుకు నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్న టీచరమ్మకి, కథ చదువుతుంటే మనసులో ఏదో కలుక్కుమంది.

"వేరే గ్రహం వాళ్లు మన ఎల్‌బీ నగర్ చౌరస్తాలో దిగారా?"

"నేను చూసిన అన్నిట్ల పెద్ద రోడ్డు గదే టీచర్."

"తుపాకులు లేవు, సైన్యం లేదు. మరి వాళ్లని ఎవరాపారు?"

"మా అమ్మోళ్లు!" పిల్ల తల ఎగరేసింది. "మొన్న తెలంగాణ కోసం రోడ్డు మీద వంటావార్పు జేసిండ్రు గద, గట్లనే. వాళ్ల ఓడకు అడ్డంగ పొయ్యిలు పెట్టి వంట జేసిండ్రు. ఒక్కరు గూడ లేవలే."

"ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఆ దిగినవాళ్లు మేమేనా?"

పిల్ల తెల్లబోయింది.

"మీరెట్లయితరు టీచర్? మీరు మూడో పేజీల ఉన్నరు. మా అమ్మ వద్దన్నా వినకుంట పులుసుల బెల్లమేసే కళ్లద్దాలామె ఎవరనుకున్నరు?"

టీచరమ్మ ఆ పేజీ మళ్లీ తీసింది. చదవడానికి చాలాసేపే పట్టింది.

"పేరు రాయలేదేం?"

"మీరేమన్న అంటరేమోనని."

"రాయి. పూర్తి పేరు రాయి."

"ఊరు గూడ రాయాల్నా? తణుకేనా?"

"కాదు. దిల్‌సుఖ్‌నగర్ అని రాయి."