రెండు ముక్కలైన నవల

మంచుతుపానులో కొండ మీది లాడ్జిలో చిక్కుకున్న అపరిచితులు, వాళ్లలో ఒక హంతకుడు. ఇదీ నవల. ఉన్నది ఒక్కటే ప్రతి, ఆగే ఓపిక మొగుడూ పెళ్లాలిద్దరికీ లేదు. అందుకని బట్టల కొట్టు యజమాని కత్తెరతో దాన్ని రెండు ముక్కలు చేసి, ముందు సగం భార్యకిచ్చి, గిట్టుబాటంతా వెనక సగంలోనే ఉంటుందని అది తాను ఉంచుకున్నాడు. మధ్యాహ్నం కొట్టు తెరిచే వేళకు ఇద్దరూ చదవడం ముగించారు.

"ఏవండీ, హంతకుడెవరో చెప్పండి."

"ఊరికే చెప్తానా? వారం రోజులు నా వంతు అంట్లు కూడా నువ్వే తోమాలి."

"మూడు రోజులు."

"ఐదు. ఇదే ఆఖరి మాట."

"సరే, చెప్పి చావండి!"

"బస్సు డ్రైవరు."

ఆమె పకపకా నవ్వింది. "నన్నే ముంచుదామనుకున్నారా? డ్రైవరు మొదట్లోనే చచ్చాడు. అందరూ కలిసి మంచులో పాతిపెట్టారు కూడా."

"పాతిపెట్టారా! నా సగంలో వాడు అటక మీంచి దిగుతాడే! అందరూ కెవ్వుమంటే, వాడి చేతిలో గడ్డపార చూసి కాబోలు అనుకున్నాను."

"అమ్మబాబోయ్! అయితే మేం పాతిపెట్టిందెవర్ని?"

"నన్నడుగుతావేం? ముందు సగం నీదేగా!"

"పక్కకి జరగండి. రెండు ముక్కలూ కలిపి మొదటినుంచి చదువుదాం."

"ఉండవే, బయట ఎవరో షట్టరు కొడుతున్నారు. బేరం!"

"మంచులో ఇరుక్కుపోయాం, రేపు రమ్మని చెప్పండి."

ఆయన అలాగే అరిచి చెప్పాడు.